సాక్ష్యం దాచడానికి ఏ యాప్ మంచిది? ముందు మీ ఫోన్ ఎవరెవరి చేతికి వెళ్తుందో చూసుకోండి

మా పిన్ని కూతురు ఎనిమిది నెలలు కూడబెట్టిన సాక్ష్యం ఒక్క నిమిషంలో పోయింది. ఎవరూ లాక్కోలేదు, ఫోన్ పగల్లేదు. దసరాకు అత్తగారి ఊరికి వెళ్తూ, అక్కడ ఎవరైనా ఫోన్ తీసి చూస్తారేమో అన్న భయంతో, కాలిక్యులేటర్ బొమ్మతో ఉండే ఒక వాల్ట్ యాప్‌ను, అంటే ఫొటోలు, ఫైళ్లు దాచుకునే యాప్‌ను, తనే తీసేసింది. ఎల్బీనగర్ తిరిగొచ్చాక మళ్లీ వేసుకుంటే వాట్సాప్ బ్యాకప్ లాగా అన్నీ వచ్చేస్తాయి అనుకుంది. యాప్ వచ్చింది, లోపల ఏమీ లేదు. బెదిరింపు మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు, మోచేతి మీద వాపు ఫొటోలు, రెండు ఆడియోలు అన్నీ అందులోనే ఉండేవి, గ్యాలరీలో ఉన్న అసలువి అప్పటికే డిలీట్ చేసేసింది. ఆ కోవ యాప్‌లు ప్లే స్టోర్‌లో డజన్ల కొద్దీ ఉన్నాయి, చాలావాటిది ఇదే తీరు.

ఆ తర్వాత తనకు తోడుగా లాయర్ దగ్గరికి, స్టేషన్‌కు, నాంపల్లి కోర్టుకు తిరిగాను, అక్కడ ఏం అడుగుతారో విన్నాను, ఇంటికొచ్చి ఈ యాప్‌లు ఒక్కొక్కటీ వేసి చూశాను. అందుకే ఇది రాస్తున్నాను. భర్త కావచ్చు, పాత స్నేహితుడు కావచ్చు, ఆఫీసులో పైవాడు కావచ్చు, ఎవరైనా వేధిస్తుంటే, దానికి మీ ఫోన్‌లో ఆధారం ఉంటే, దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఒక మాట ముందే. మీ ఫోన్‌ను ఎవరో గమనిస్తున్నారన్న అనుమానం ఉంటే ఇది కూడా ఆ ఫోన్‌లో చదవద్దు. అమ్మది, స్నేహితురాలిది, ఎవరిదైనా వేరే ఫోన్‌లో చదవండి.

యాప్ కంటే ముందు తేలాల్సింది

రేటింగ్ చూసి, స్టార్లు లెక్కపెట్టి యాప్ ఎంచుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఒకరికి బంగారం లాంటి యాప్ ఇంకొకరికి ప్రమాదం. తేడా అంతా ఫోన్ ఎవరి చేతికి వెళ్తుంది అన్నదాంట్లో ఉంది. మీ ప్యాటర్న్ ఆయనకు తెలుసా? ఆయన వేలిముద్ర కూడా మీ ఫోన్‌లో పెట్టి ఉందా? పిల్లలు గేమ్ ఆడుతూ అన్నీ నొక్కుతారా? సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

అన్నిటికంటే ఎక్కువమంది మర్చిపోయేది జీమెయిల్. మన దగ్గర చాలా ఇళ్లలో ఫోన్ కొన్న రోజు మొబైల్ షాపులో కుర్రాడే జీమెయిల్ తెరిచి, పాస్‌వర్డ్ తనే పెట్టి, రికవరీ నంబర్‌గా పక్కన నిలబడ్డ మగవాళ్ల నంబర్ కొట్టేస్తాడు. ఆ అకౌంట్‌తో గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే, మీరు గాయం ఫొటో తీసిన మరుక్షణం అది హాల్లో ఉన్న ట్యాబ్‌లో కూడా కనిపించవచ్చు. గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద 'యువర్ డివైసెస్' అని ఉంటుంది, మీ అకౌంట్ ఏ ఏ ఫోన్లలో తెరిచి ఉందో అక్కడ తెలుస్తుంది. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' చూడండి. తెలియని ల్యాప్‌టాప్ ఏదైనా కనిపిస్తే వెంటనే తీసేయాలనిపిస్తుంది, కానీ తీసేస్తే అవతలివాళ్లకు మీరు కనిపెట్టారని అర్థమైపోతుంది. కాబట్టి ముందు వేరే ఫోన్‌తో ఆ స్క్రీన్‌ను ఫొటో తీసి పెట్టుకోండి, అది కూడా సాక్ష్యమే, తర్వాత మీ భద్రత చూసుకుని తీయండి.

కోర్టుకు ఏం కావాలి

చట్టం గురించి పొడుగ్గా చెప్పను, కానీ ఇది తెలియకపోతే యాప్ ఎంపిక తప్పుతుంది. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్యాధారాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించిన సెక్షన్‌ను అంతకుముందు అందరూ 65బి అనేవాళ్లు, ఇప్పుడు అది సెక్షన్ 63. ఫొటోలు, చాట్‌లు, ఆడియోల కాపీలు ఇచ్చేటప్పుడు సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలు: ఒకటి మీరు నింపేది, రెండోది నిపుణులు నింపేది. ఫోన్ కంపెనీ, మోడల్, ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాయాలి, ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది, ఫొటోను కొంచెం కత్తిరించినా, ఒక అక్షరం మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది.

ఇందులోంచి మనకు అర్థం కావాల్సింది ఒకటే, అసలు ఫైల్‌ను, అసలు ఫోన్‌ను కాపాడుకోవాలి. 2020లో అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు పాత చట్టం కింద చెప్పింది కూడా అదే దారిలో ఉంది: ఫోన్ యజమానే కోర్టుకొచ్చి అసలు ఫోన్‌ను చూపించి, అది తనదేనని చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదు, కాపీలు ఇస్తే మాత్రం తప్పనిసరి. ఏ యాప్ వాడినా ఫొటోను క్రాప్ చేయకండి, దాని మీద గీతలు గీయకండి, ఫిల్టర్ అసలే వద్దు. ఫోన్ డబ్బా, బిల్లు పారేయకండి, ఐఎంఈఐ వాటి మీద ఉంటుంది.

మాటలు రికార్డు చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఒక విడాకుల కేసులో, భార్యాభర్తల్లో ఒకరు రెండోవారికి తెలియకుండా రికార్డు చేసిన సంభాషణను సాక్ష్యంగా తీసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. కాబట్టి ఆ దారి మూసుకుపోలేదు. కానీ ఒక ప్రమాదం ఉంది: గూగుల్ ఫోన్ యాప్‌తో కాల్ రికార్డు చేస్తే, కాల్ రికార్డు అవుతోందని ఇద్దరికీ వినిపిస్తుంది. కోపంగా ఉన్న మనిషి చెవిలో ఆ ప్రకటన పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒకసారి అక్కతోనో, స్నేహితురాలితోనో మాట్లాడి పరీక్షించాకే వాడండి.

ఫోన్‌లో ముందే ఉన్నవి

అందరూ మొదట పట్టుకునేది స్క్రీన్‌షాట్. తీయండి, కానీ అది ఒక్కటే నమ్ముకోకండి. అన్నీ పోయాక మా చెల్లి కొత్తగా తీసిన రెండు మూడు స్క్రీన్‌షాట్లను చూసి లాయర్ అడిగిన మొదటి ప్రశ్న: "అమ్మా, ఇందులో పేరుంది, నంబర్ ఏది?" కాంటాక్ట్‌లో పేరు పెట్టుకుంటే చాట్ పైన పేరే కనిపిస్తుంది, ఆ పేరుతో ఎవరి నంబరైనా పెట్టుకోవచ్చు కదా అని ఎదుటి లాయర్ అంటాడు. అందుకే ఆ పేరు మీద నొక్కి నంబర్ కనిపించే పేజీ కూడా తీయాలి, తేదీ కనిపించేలా తీయాలి, ముందూ వెనకా మెసేజ్‌లు కలిపి తీయాలి.

వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్, అంటే చాట్‌ను ఫైల్‌గా బయటికి తీయడం, స్క్రీన్‌షాట్ కంటే నిండుగా ఉంటుంది. మీడియాతో సహా అయితే ఇటీవలి 10,000 మెసేజ్‌ల వరకు, మీడియా లేకుండా 40,000 వరకు వస్తాయని వాట్సాప్ చెబుతుంది. కానీ వచ్చేది మామూలు టెక్స్ట్ ఫైల్, దాన్ని ఎవరైనా దిద్దొచ్చు, కాబట్టి అది కేసును అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది, ఫోన్‌లోని అసలు చాట్‌కు బదులు కాదు. అవతలివాళ్లు 'అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ' ఆన్ చేస్తే ఎక్స్‌పోర్ట్ కూడా కుదరదు. ఒక్కసారే తెరుచుకునే 'వ్యూ వన్స్' ఫొటోలకు స్క్రీన్‌షాట్ రాదు, వాటిని ఇంకో ఫోన్‌తో వీడియో తీయడమే మార్గం. వాటంతటవే మాయమయ్యే డిసప్పియరింగ్ మెసేజ్‌లు 24 గంటలు, 7 రోజులు, 90 రోజుల్లో ఏదో ఒకదానికి పెట్టి ఉంటాయి, పంపినవాళ్లకు 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' చేయడానికి రెండు రోజులకు పైగా సమయం ఉంటుంది. ఆదివారం తీరిగ్గా చేద్దాం అనుకోకండి, వచ్చిన పూటే తీసి పెట్టండి.

ఫొటోలు వాట్సాప్‌లో అక్కకు పంపేసి నిశ్చింతగా ఉండేవాళ్లు ఎక్కువ. అలా పంపితే ఫొటో కుదించుకుపోతుంది, ఎప్పుడు ఎక్కడ తీశారన్న సమాచారం పోతుంది. అదే ఫైల్‌ను 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఇంత చిన్న తేడాకు ఎంత విలువో!

గూగుల్ ఫొటోస్‌లో లాక్డ్ ఫోల్డర్ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, ఎవరికీ అనుమానం రాదు. దానికి బ్యాకప్ విడిగా ఆన్ చేయకపోతే, యాప్ డేటా క్లియర్ చేసినా, ఫోన్ రీసెట్ అయినా లోపలివి పోతాయి. పైగా అది ఫోన్ లాక్‌తోనే తెరుచుకుంటుంది, మీ ప్యాటర్న్ తెలిసినవాళ్లకు అదేమీ అడ్డం కాదు. శాంసంగ్ ఫోన్ ఉన్నవాళ్లకు సెక్యూర్ ఫోల్డర్ మెరుగు, వేరే పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, ఐకాన్ కనిపించకుండా చేయొచ్చు, లోపల వేరే గూగుల్ అకౌంట్ కూడా తెరుచుకోవచ్చు. రీసెట్ చేస్తే మాత్రం అదీ ఖాళీయే.

ప్రభుత్వ డిజీలాకర్ గురించి కూడా అడుగుతారు. ఆధార్, సర్టిఫికెట్లు, మెడికల్ రిపోర్ట్ పీడీఎఫ్ లాంటివాటికి సరే. వీడియోలకూ ఆడియోలకూ అది చోటు కాదు. ఓటీపీ మీ ఆధార్‌కు కలిపిన నంబర్‌కు వెళ్తుంది, ఆ నంబర్ ఎవరి దగ్గర ఉందో చూసుకోండి.

ఇందుకోసమే తయారైన యాప్‌లు

టెల్లా నాకు బాగా నచ్చింది. హొరైజాంటల్ అనే లాభాపేక్ష లేని సంస్థ తయారుచేసింది, ఉచితం, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు. మొదట మానవ హక్కుల కార్యకర్తల కోసం, విలేకరుల కోసం వచ్చింది. దాని లోపలి కెమెరాతో తీసిన ఫొటో, రికార్డు చేసిన ఆడియో గ్యాలరీలోకి రాకుండా నేరుగా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే పాస్‌వర్డ్ లేనిదే చదవలేని రూపంలోకి మారి, లోపలే ఉంటాయి. వెరిఫికేషన్ మోడ్ ఆన్ చేస్తే సమయం, స్థలం, ఫోన్ వివరాలు ఫొటోతో పాటు నమోదవుతాయి. ఆండ్రాయిడ్‌లో దాని పేరు, బొమ్మ మార్చేసి కాలిక్యులేటర్‌లా పెట్టుకోవచ్చు, ఐఫోన్‌లో ఆ వేషం లేదు. అత్యవసరంగా అన్నీ చెరిపేసే క్విక్ డిలీట్ కూడా ఉంది.

కానీ దాని బలమే దాని బలహీనత. పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ సంస్థ కూడా తెరవలేదు. యాప్ తీసేస్తే లోపలివి పోతాయి, మా చెల్లికి జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఫోన్ తెరపై కాలిక్యులేటర్ అని ఉన్నా ప్లే స్టోర్‌లో యాప్‌ల లిస్టు తెరిస్తే అసలు పేరు కనిపిస్తుంది, టెక్నాలజీ తెలిసిన మనిషి దగ్గర ఇది దాగదు. హైటెక్ సిటీలో పనిచేసే భర్త ఉన్న ఇంట్లో దీన్ని నమ్ముకుని కూర్చోమని నేను చెప్పలేను.

డాక్యుసేఫ్ వేరే స్వభావం ఉన్నది. అమెరికాలో గృహహింస బాధితుల కోసం పనిచేసే ఎన్ఎన్ఈడీవీ అనే జాతీయ నెట్‌వర్క్ తయారుచేసింది, ఉచితం. ఏ రోజు ఏం జరిగింది, ఎవరు చూశారు, దానికి ఏ ఫొటో, ఏ మెసేజ్ జత అని ఒక వరసలో పెట్టడం దీని పని. సమాచారం మీ ఫోన్‌లోనే ఉంటుంది, కావాలన్నప్పుడు బయటికి పంపుకోవాలి. నెలల తరబడి సాగే వేధింపులో మన మనసుకు తేదీలు గుర్తుండవు, స్టేషన్‌లో అడిగితే కన్నీళ్లు వస్తాయి కానీ తేదీ రాదు. ఆ కష్టం ఇది తీరుస్తుంది. అయితే అక్కడి చట్టాలను మనసులో పెట్టుకుని చేసినది, ఫోన్ చూసేవాళ్లు ఉంటే దీన్ని కూడా చూస్తారు. నిజం చెప్పాలంటే, అమ్మగారింట్లో పెట్టిన ఒక నోటు పుస్తకంలో తేదీ, సమయం, చోటు, జరిగింది రాసుకుంటూ పోయినా ఈ పనిలో చాలావరకు అయిపోతుంది.

గార్డియన్ ప్రాజెక్ట్ వాళ్ల ప్రూఫ్‌మోడ్ దాచే యాప్ కాదు, రుజువు చేసే యాప్. మీరు తీసిన ఫొటోకు హ్యాష్, డిజిటల్ సంతకం, సమయం, స్థలం జోడించి ఒక కట్టగా ఇస్తుంది. పగలగొట్టిన తలుపు, తగలబెట్టిన చీరలు, ఇంటి ముందు రోజూ ఆగే బైక్ లాంటివి తీసేటప్పుడు ఇది గట్టి ఆధారం అవుతుంది. ఫొటోలు మాత్రం గ్యాలరీలో బాహాటంగానే ఉంటాయి. ఇదొక్కటే చాలు అనుకోవద్దు, సెక్షన్ 63 సర్టిఫికెట్‌కు ఇది బదులు కాదు.

వెతికితే బ్రైట్ స్కై, విక్టిమ్స్ వాయిస్ లాంటి పేర్లు కూడా వస్తాయి. మొదటిది బ్రిటన్‌లో హెస్టియా అనే స్వచ్ఛంద సంస్థ, వోడాఫోన్ ఫౌండేషన్ కలిసి తెచ్చింది. అందులోని జర్నల్ ఆలోచన నాకు చాలా నచ్చింది, మీరు రాసేది ఫోన్‌లో మిగలకుండా మీరు చెప్పిన ఈమెయిల్‌కు వెళ్లిపోతుంది. యాప్ లేకుండానే మనం ఆ పని చేసుకోవచ్చు, కింద చెబుతాను. రెండోది అమెరికా వాళ్ల కోసం ఉన్నది, మనకు ఉపయోగం తక్కువ.

పేర్లు విని పొరపడకండి. ఈ-సాక్ష్య యాప్ వార్తల్లో వస్తోంది కదా, అది సోదాలు, జప్తులు వీడియో తీయడానికి పోలీసుల కోసం కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ చేసింది, మనం వాడేది కాదు. హాక్ ఐ, టీ-సేఫ్ మన పోలీసులవే, కానీ ఒకటి ఫిర్యాదు కోసం, రెండోది ప్రయాణంలో భద్రత కోసం. ఆధారాలు నెలల తరబడి దాచుకునే చోట్లు కావు.

నేనైతే ఎవరికి ఏం చెబుతాను

ఫోన్ రోజూ తనిఖీ అవుతుంటే ఏ యాప్ వద్దు, ఎంత మంచిదైనా సరే. తీసిన వెంటనే నమ్మకమైన ఒకే ఒక్క మనిషికి డాక్యుమెంట్‌గా పంపి, ఆ పంపినది మీ వైపు 'డిలీట్ ఫర్ మీ' చేయండి. లేదా ఆ మనిషి ఫోన్‌లోనే ఒక కొత్త మెయిల్ తెరవండి: కొత్త పాస్‌వర్డ్, రికవరీ నంబర్ వాళ్లది, పేరులో మీ పేరు లేకుండా. మీ ఫోన్‌లో ఆ మెయిల్‌ను ఎప్పుడూ తెరవకండి. ఎన్‌క్రిప్షన్ గట్టిగా కావాలంటే ప్రోటాన్ డ్రైవ్ బాగుంటుంది, స్విట్జర్లాండ్ కంపెనీది, వాళ్లకు కూడా లోపలివి కనిపించవు. మామూలు గూగుల్ డ్రైవ్ కూడా సరిపోతుంది, అకౌంట్ ఎవరికీ తెలియకపోవడం ముఖ్యం.

ఫోన్ మీదే, లాక్ మీకే తెలుసు, కానీ ఎప్పుడైనా లాక్కుంటారన్న భయం ఉంటే టెల్లా, దానితో పాటు వారానికోసారి బయట కాపీ. వేధించేవాడు ఇంట్లో మనిషి కాకపోతే, అంటే ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవడో, వెంటపడే పాత పరిచయస్తుడో అయితే, దాచాల్సిన అవసరం తక్కువ, వరస ముఖ్యం. డాక్యుసేఫ్ గానీ నోటు పుస్తకం గానీ, దానితో పాటు ప్రొఫైల్ లింక్, యూజర్ నేమ్, తేదీ. అతన్ని బ్లాక్ చేసే ముందే ఇవన్నీ తీసుకోండి, చాట్ మాత్రం డిలీట్ చేయకండి.

పెన్‌డ్రైవ్ కూడా మంచి మాటే. ప్యారడైజ్ దగ్గర సీటీసీలో ఫోన్‌కే గుచ్చుకునే ఓటీజీవి దొరుకుతాయి, కాపీ చేసి కవర్‌లో పెట్టి పైన తేదీ వేసి వేరే ఇంట్లో ఉంచండి. ఒక్కటి దయచేసి చేయకండి: ప్రింట్ల కోసం జిరాక్స్ షాపు వాట్సాప్ నంబర్‌కు ఇవన్నీ పంపడం. మనందరికీ అలవాటే, ఆధార్ కాపీ అయితే పంపేస్తాం. కానీ ఆ షాపు కంప్యూటర్‌లో మీ గాయాల ఫొటోలు ఎన్నాళ్లు ఉంటాయో ఎవరికి తెలుసు? లాయర్ ఆఫీసులో తీయించుకోండి.

నగ్న చిత్రాలతో బెదిరిస్తుంటే లెక్క మారుతుంది. బెదిరింపు మెసేజ్‌లు భద్రం చేయండి, చిత్రాల కాపీలు పది చోట్ల పెట్టకండి. 18 ఏళ్లు దాటినవాళ్లకు స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. చిత్రం మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని హ్యాష్ మాత్రమే వెళ్తుంది, అందులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి దాన్ని పట్టుకుని అడ్డుకోగలవు. 18 లోపు పిల్లలవి అయితే సాక్ష్యం కోసమని కూడా మీ ఫోన్‌లో దాచొద్దు, ఎవరికీ పంపొద్దు, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 15వ సెక్షన్ అలాంటివి ఉంచుకోవడం గురించే ఉంది. ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో సహా ఆ రోజే పోలీసుల దగ్గరికి వెళ్లండి.

వెళ్లడానికి మన హైదరాబాద్‌లో చోట్లు ఉన్నాయి. 2014 నుంచి షీ టీమ్స్ అనే పోలీసు బృందాలు మహిళలపై వేధింపుల మీద పనిచేస్తున్నాయి. 2016లో హాకా భవన్‌లో మొదలైన భరోసా కేంద్రంలో పోలీసు, కౌన్సెలింగ్, న్యాయ సహాయం ఒకే కప్పు కింద దొరుకుతాయి. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. ఆన్‌లైన్ నేరాలకు జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్ ఉంది, మహిళల, పిల్లల కేసుల్లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే 1930. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం హక్కు, 15100కి చేయండి. ప్రాణం మీదికి వస్తే ఏ సాక్ష్యం గురించీ ఆలోచించకండి, బయటికి రండి, 100 లేదా 112 కొట్టండి.

పోలీసులు ఫోన్ తీసుకుంటే పంచనామా కాపీ అడగండి, అందులో ఐఎంఈఐ సరిగ్గా ఉందో చూడండి, ఇచ్చే ముందే మీ కాపీ బయట ఉండాలి.

మా చెల్లి అసలు ఫోన్ ఇప్పుడు మలక్‌పేటలో మా ఇంటి బీరువాలో ఉంది, డబ్బా, బిల్లుతో సహా. పోయినవి పోయాయి, కానీ గత దసరా తర్వాత వచ్చిన మెసేజ్‌లన్నీ అందులో అసలు రూపంలో ఉన్నాయి. తను కొత్త ఫోన్, కొత్త నంబర్ వాడుతోంది. పాత నంబర్‌తో కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరిస్తే పాత దాంట్లో లాగౌట్ అయిపోతుంది కాబట్టి ఆ సిమ్‌ను అందులోంచి తీయలేదు, వాడకుండా వదిలేస్తే ఆ నంబర్ ఇంకెవరికైనా ఇచ్చేస్తారు కాబట్టి నేనే రీచార్జ్ చేయిస్తున్నాను.